ఆదివారం ధర

మార్చి రెండో శనివారం.
డులూత్ లైబ్రరీ కింది అంతస్తులో
హీటరు పక్క బల్ల నాది.
ముప్పై ఏళ్ళు ఓడలకోసం వంతెన ఎత్తి
అవి దాటాక దించిన చేతులు
ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పన్ను కాగితాలు నింపుతున్నాయి,
జీతం లేకుండా.

పదకొండో టోకెను వైనో కంగాస్.
రొట్టె కొన్న ప్లాస్టిక్ సంచిలోంచి
బ్రోకరు పంపిన కవరు తీశాడు. అంటించింది అంటించినట్టే ఉంది.
"చింపితే కట్టాల్సొస్తుందని," అన్నాడు.
నవ్వాడో లేదో మీసం తెలియనివ్వలేదు.

పద్నాలుగు పేజీలు.
పన్నెండింట్లో, దేనికీ మా పూచీ లేదన్న మాటే.
పదమూడో పేజీలో ఒక్క వరస:
కాగితపు మిల్లు షేర్లు, నాలుగు వందల పన్నెండు.
అమ్మిన తేదీ ఉంది, నవంబరు ఆరు.
చేతికొచ్చింది ఉంది, పన్నెండు వేల ఐదు వందల ఎనభై ఆరు, అరవై సెంట్లు.
కొన్న తేదీ దగ్గర ఖాళీ.
కొన్న ధర దగ్గర ఖాళీ.

"బాయిలరు చచ్చింది, అందుకని అమ్మాను.
కొన్నది నేను కాదు. ఇల్మా."

సంచి అడుగున నోటుబుక్కు.
పచ్చ అట్ట, ఎలుక కొరికినట్టున్న మూలలు.
మిల్లులో ప్యాకింగు సెక్షను, జీతంలోంచి నెలనెలా కోత:
పద్దెనిమిది డాలర్లు. పద్దెనిమిది. పద్దెనిమిది.
ఒక ఏడాది సమ్మె, ఆ నెలలకి అడ్డగీత.
ఒకచోట ఇరవై రెండు, పక్కనే చీమతల అక్షరాల్లో
'ఓవర్‌టైము. వైనోకి చెప్పలేదు.'
పావు షేరు, అర షేరు, దశాంశం తర్వాత మూడు అంకెలదాకా
పెన్సిలుతో కూడి, చెరిపి, మళ్ళీ కూడి,
ఆఖరి పేజీలో మొత్తం నాలుగు వేల చిల్లర.
వారంపాటు కూర్చుని సరిచూశాడట.
ఒక్క సెంటు తేడా రాలేదట.

ఎలా చెప్పను,
ఈ పుస్తకం అక్కర్లేదని.
పోయినవాళ్ళనించి వచ్చిన షేర్లకి
వాళ్ళు పోయిన రోజు ధరే కొన్న ధర.
తేదీ గడిలో తేదీ కూడా వెయ్యం,
'వారసత్వం' అని రాస్తాం.

"అయితే తను కట్టిన పద్దెనిమిదులు?"
"చట్టం వాటిని అడగదు."
"ఎవరూ అడగరా?"
వంతెన మీదైతే, ఓడ కూస్తే తిరిగి కూసేవాణ్ణి.
ఇక్కడ హీటరు గరగరలాడింది.

"ఏ రోజు పోయారు?"
"ఆదివారం."

ఆదివారం మార్కెట్టుకి సెలవు. ఆదివారానికి ధర లేదు.
దానికీ ఓ పద్ధతుంది:
శుక్రవారం ఎక్కువా తక్కువా కూడి సగం చెయ్యాలి,
సోమవారందీ అంతే,
ఆ రెంటినీ కూడి మళ్ళీ సగం.

"శుక్రవారం," అన్నాడు వైనో,
"తలుపు కిందనుంచి గాలొస్తోందని నాతో పోట్లాడింది.
సోమవారం ఆ సందులో గుడ్డ పెట్టాను."

ఈ రెంటికీ సగమెంతో నాకు తెలీదు.
మిషను మాత్రం చెప్పింది: ముప్పై ఒకటి ఎనభై.
నాలుగు వందల పన్నెండుతో గుణిస్తే
పదమూడు వేల నూట ఒకటి, అరవై సెంట్లు.
వచ్చిందానికి ఇది ఎక్కువ. ఎంత ఎక్కువ?
సరిగ్గా ఐదు వందల పదిహేను.

"నష్టమండీ."
"నాలుగు వేలకి కొన్నది పన్నెండు వేలకి అమ్మితే నష్టమా?"
"కాగితం మీద. మీకు మంచిదే, పన్ను తగ్గుతుంది."
తెరమీద ఆ అంకెని చాలాసేపు చూశాడు.
నష్టాన్ని బ్రాకెట్లలో వేస్తారు,
చలికి దోసిట్లో పెట్టి మూసినట్టు.
"అంటే ఇల్మా పోయాక నాకు నష్టం వచ్చిందని
ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట."
అలాక్కాదు అనబోయి
అవునన్నాను.
"తక్కువ వేశారు," అన్నాడు.

సంతకం పెట్టాడు. నోటుబుక్కు కూడా జతచేస్తారా అని అడిగాడు.
కుదరదన్నాను.
అయితే పెన్సిలు ఇమ్మన్నాడు.
ఆఖరి పేజీ తెరిచి, ఆమె మొత్తం కింద,
ఓడ పేరు రాసినంత పెద్ద అక్షరాల్లో:
'అన్నీ అమ్మేశాను. బాయిలరు. ఇల్మాకి చెప్పలేదు.'

పెన్సిలు తిరిగివ్వడం మర్చిపోయి వెళ్ళాడు.
పన్నెండో టోకెను మనిషి అప్పటికే కూర్చుంది,
ఒళ్ళో చెప్పుల డబ్బా, నిండా రసీదులు.