అద్దె ప్రతి

అద్దెకిచ్చిన స్వరలిపులు తిరిగొచ్చే సోమవారం
ఆఫీసంతా రబ్బరు పొడి.
బెర్గెన్‌లో బయట వాన, లోపల ఈ పొడి.
రెండూ ఒక్కరోజైనా తెరిపిచ్చినట్టు గుర్తులేదు నాకు.

ఒప్పందంలో ఆరో షరతు:
పెన్సిల్ గీతలు చెరిపి పంపవలెను.
ఎవరూ చెరపరు.
మేమే చెరుపుతాం, మా నాన్న నేర్పినట్టు
కాగితం లేవకుండా, ఒకే దిక్కుకి.

"కళ్ళజోడు!" అని రాసుకుంటారొకరు.
"కండక్టర్‌ని చూడకు, మునుగుతావు" ఇంకొకరు.
బాసూన్ వాళ్ళ పుటలో ఎప్పుడూ
ఏదో ఓడ బొమ్మ.
వాళ్ళకి ఖాళీ ఎక్కువ.

హాల్వర్ ఐడె వయోలా కన్‌చెర్టో
పద్దెనిమిదేళ్ళలో పదకొండుసార్లు అద్దెకి పోయింది.
ఆయన రాయల్టీ కవరు మీద అంటించే స్టాంపుకి
లోపలి చెక్కు ఎన్నిసార్లు సిగ్గుపడిందో.

అచ్చుకి ముందు మూడో పుట చివర పేచీ.
"ఇక్కడ విరామం ఉండదు" అన్నాడు హాల్వర్.
"నాకు మూడో చెయ్యి లేదు, పుట ఎలా తిప్పను?" అంది యోరున్.
అడకత్తెరలో పోకచెక్కనై
ఆ రాత్రి స్వరాల్ని ఒక్కో వెంట్రుక వాసి దగ్గరికి జరిపి
రెండు వరసలు వెనక్కి లాగాను.
పుట మలుపు తీసుకెళ్ళి
కొమ్ముబూరలు మాత్రమే ఊదే చోట పెట్టాను.
ఆయన "ఇరుగ్గా ఉంది" అన్నాడు.
ఆవిడ ఏమీ అనలేదు.
మా వృత్తిలో మెప్పంటే ఇంతే.

ఈ సోమవారం యోరున్ ప్రతి వచ్చింది.
ఐదో పుటలో, ఆయన మామూలు స్వరం రాసిన చోట
పెన్సిల్‌తో ఒక ఫ్లాట్ గుర్తు.
ఎంత నొక్కి రాసిందంటే
వెనక పుటని వేలితో తడిమితే తగులుతుంది.
రుద్దాను. పోలేదు.
ఫోన్ చేశాను.

"అది తప్పు" అన్నాడు హాల్వర్.
ఆయన కిటికీ మీద వాన, నా కిటికీ మీద వాన,
తీగ మీద ఒకటే చప్పుడు.
"ఎలా వినిపించింది?"
"నేను హాలుకి రాలేదు" అన్నాను.
వెళ్ళాను. చివరి వరసలో కూర్చున్నాను.
ఆ స్వరం దగ్గర నా పక్కనాయన
దగ్గబోయి ఆపుకున్నాడు.

గురువారం తడి కోటుతోనే వచ్చాడు.
కాఫీ వద్దన్నాడు. ఆ పుట అడిగాడు.
కిటికీ దగ్గర నిలబడి
కుడిచెయ్యి గాల్లో కొంచెం కదిలింది,
ఆగింది, మళ్ళీ మొదట్నించి కదిలింది.
"రబ్బరివ్వు" అన్నాడు.
ఇచ్చాను.
అరచేతిలో అటూ ఇటూ తిప్పి
కోటు జేబులో వేసుకుని
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మా నాన్న కాలం నాటి రబ్బరది.
సంవత్సరాంతపు లెక్కల్లో హాల్వర్ ఐడె పేరు కింద
ఏ గడిలో రాయాలో
ఇంకా తేల్చుకోలేదు నేను.