లోపల వదిలిన గుడ్డ

బల్లారట్‌లో జూలై.
షట్టర్ ఎత్తితే వేళ్ళకి ఇనుము అంటుకునే చలి.
మిషన్‌లో నూనె కూడా బిగుసుకుపోయి
మొదటి పది నిమిషాలు గొణుగుతుంది.

"నీకు వెబ్‌సైట్ లేదా?" అంది గ్లెనిస్,
ప్యాంటు అంచు మడిపించుకోవడానికి వచ్చి.
లేదు. తలుపు అద్దం మీద
ఆల్టరేషన్స్ అని అతికించిన అక్షరాలున్నాయి.
చివరిది పోయినేడు గాలివాన పట్టుకెళ్ళింది.

మంగళవారాలు లైబ్రరీలో కంప్యూటర్ నేర్పే కాలమ్‌కి
పందొమ్మిదేళ్ళుంటాయి. స్వెట్టర్ మోచేతి దగ్గర చిరిగింది.
అతను చెప్పినంతసేపూ నా చూపు ఆ చిరుగు మీదే.
"ముందు సీఎంఎస్ ఎంచుకోవాలి."
అంటే?
"రేటు పెంచారనుకోండి, మీరే మార్చుకోవచ్చు.
నన్ను పిలవక్కర్లేదు."
ఓహో, బొత్తాల పెట్టె. ఏ అరలో ఏముందో
నాకు తెలిస్తే చాలన్నమాట.

రాత్రి కౌంటర్ దగ్గరే, కాళ్ళ కింద హీటర్ పెట్టుకుని
ఒక్కోటీ తొడిగి చూశాను.

మొదటిది అద్దాల షోరూమ్.
బొమ్మని లాగి ఎక్కడ వదిలితే అక్కడ కూర్చుంటుంది.
అరగంటలో నా కొట్టు ప్యారిస్‌కి మారిపోయింది.
పక్క కొట్టు చేపల వేపుడు వాసన ఒక్కటే తెర మీదికి రాలేదు.
నెలకింత అన్నారు, సరే.
చీమ తలకాయంత అక్షరాల్లో కింద ఇంకేదో ఉంది:
మానేస్తే పేజీలేవీ వెంట రావు.
అద్దె పెళ్ళిబట్టలు! తిరిగిచ్చేసేటప్పుడు
జేబులో మరిచిపోయిన చీటీ కూడా వాళ్ళదే.

రెండోది ఉచితం.
హోస్టింగ్ వేరు, డొమైన్ వేరు, మంచి థీమ్ వేరు,
థీమ్‌కి తోడు ప్లగిన్లు, వాటికి వారంవారం అప్‌డేట్లు.
జాకెట్టు గుడ్డ ఊరికే ఇచ్చి
లైనింగుకీ హుక్కులకీ కూలికీ రాసిన బిల్లు.
ఏదో నొక్కాను. పేజీ తెల్లబోయింది.
నేనూ తెల్లబోయాను.

ఇంకొకటుంది, కాలమ్‌కి ప్రాణం,
అంతా చేత్తో రాసుకోవాలట.
చీర కావాలంటే మగ్గం చూపించినట్టు.
వద్దు నాయనా, పొద్దుటికి ఆరు స్కూల్ యూనిఫాంలున్నాయి.

గురువారం మాండవి వచ్చింది,
ఆసుపత్రి నైట్ డ్యూటీ నుంచి నేరుగా,
ఎనిమిదేళ్ళ నాటి పట్టు జాకెట్టుతో.
"పట్టట్లేదండీ. పారేయమంటారా?"
తిరగేశాను.
లోపల మూడు వరసల కుట్లు,
అటూ ఇటూ అంగుళమంత గుడ్డ మడిచి.
ఏ ఊరి టైలరో, మాండవిని కాదు,
ఇంకా రాని మాండవిని కూడా కొలిచాడు.
బ్లేడుతో రెండు వరసలు విప్పితే
ఎండ చూడని ఆ గుడ్డ
పైదానికన్నా ఎర్రగా ఉంది.

ఆ రాత్రి తెరల్ని అందం అడగలేదు.
ఖరీదూ అడగలేదు.
లోపల ఎంత వదిలావు, అని అడిగాను.

షోరూమ్ మాట మార్చింది.
రెండోది ఎక్స్‌పోర్ట్ అని ఒక బటన్ చూపించింది.
నొక్కితే వికారమైన ఫైలు ఒకటి దిగింది,
తిరగేసిన బట్టలా అంతా దారాలు, ముడులు.
కళ్ళజోడు పెట్టుకుని వెతికితే
ఆ చిక్కులో నా మాట దొరికింది, ఒక్క అక్షరం పోకుండా:
జిప్పు మార్చడం పద్దెనిమిది డాలర్లు.

"ఇది నేర్చుకోవడం కొంచెం కష్టం," అన్నాడు కాలమ్.
చంక కుట్టు ముడత పడకుండా వేయడానికి
నాకు రెండేళ్ళు పట్టింది, అబ్బాయ్.

ఇప్పుడు సైట్ ఉంది.
వాళ్ళు నమూనాకి పెట్టిన పేజీ
ఎలా తీసేయాలో తెలియక అలాగే ఉంది.
గ్లెనిస్ దాన్ని కూడా చదివి బావుందంది.

కాలమ్ డబ్బులొద్దన్నాడు.
సరే, ఆ స్వెట్టర్ విప్పి ఇటివ్వు.