ఆ ఒక్కరినీ నేనే

తెల్లారి ఐదుంబావుకి
మాగడి రోడ్డు మస్టరింగు కాడ
ఎనిమిదిమంది టీ తాగుతా ఉంటారు.
అమ్మకు ఎడమ పక్కన ముత్యాలక్క.
మేస్త్రీకి ఎదురుగా ఎవరూ కూచోరు.
చెన్నక్కకూ గంగులమ్మకూ నడుమ
ఒక మనిషి పట్టేంత ఖాళీ,
చీటీ డబ్బుల తగువు ఇంకా తెగలేదు.
అయితే చెన్నక్కకు కుడివైపు మూడో మనిషి ఎవరు?

నేను ఫుట్‌పాత్ అంచున కూచోని
లాజికల్ రీజనింగు ఇరవై రెండో లెక్క చేస్తా ఉంటాను.
పుస్తకంలో వాళ్లకు పేర్లు లేవు. ఏ, బీ, సీ, డీ.
గుండ్రటి బల్ల చుట్టూ కూచుంటారు,
ఎవరికీ మోకాళ్లు పట్టెయ్యవు.
మావాళ్లకు బల్ల లేదు, తోపుడుబండి ఉంది.
దాని చుట్టూ కూచోబెడితేనే నాకు జవాబు తేలుతుంది.

కోచింగుకి తొంభై వేలన్నారు.
కాపీకి రూపాయిన్నర చొప్పున
ఎన్ని కాపీలు తీస్తే తొంభై వేలు?
ఆ లెక్క మాత్రం తప్పు పోలేదు.
కోర్టు ఎదురుగా జెరాక్స్ షాపు నాది కాదు,
అందులో స్టూలు మాత్రం నాది.
ఎవరివో విడాకులు, ఎవరిదో వీలునామా
నా చేతిలోకి వెచ్చగా వచ్చి పడతాయి.
పేజీ తిరగేసేలోపు మూడు సెకన్లు.
ఆ మూడు సెకన్లే నా కోచింగు.

సూత్రం: ఒకరి నిర్లక్ష్యం వల్ల గాయపడినవారికి
పరిహారం దక్కాలి.
వాస్తవాలు: ఒక స్త్రీ చెత్త సంచి విప్పింది.
లోపల పగిలిన సీసా ఉంది.
సంచి మీద ఎవరి పేరూ లేదు.
సరైన జవాబు గుర్తించండి.

అమ్మ బొటనవేలికి ఐదు కుట్లు పడ్డాక
వేలిముద్ర మిషను ఆమెను గుర్తించలేదు.
వచ్చి ఊడ్చిన మూడు రోజులూ ఆబ్సెంటు.
ఇది ప్రశ్నలో లేదు.
ఇచ్చిన వాస్తవాలకు మించి ఊహించరాదని
పేజీ పైనే లావు అక్షరాల్లో రాసుంది.

పరీక్ష సరే, ఫారం దగ్గర ఆగిపోయాను.
నా మార్కుల లిస్టులో అమ్మ ఓబులమ్మ.
కులం సర్టిఫికెట్లో ఓబళమ్మ.
జీతం చీటీలో ఒబలమ్మ కె.
నాడకచేరి గుమాస్తా కన్నడంలో అడిగాడు,
వీళ్లల్లో మీ అమ్మ ఎవరమ్మా అని.
ఎ. మొదటామె.
బి. రెండో ఆమె.
సి. మూడో ఆమె.
డి. పైవారందరూ.

గడువు ఇంకా రెండు రోజులు.
వంద రూపాయల స్టాంపు పేపరు మీద
నా బతుకులో మొదటి అఫిడవిట్ టైపు చేశాను.
ఎన్ని వందలు కాపీ తీశానో,
ఒక్కటీ ఇట్ల చెమట పట్టించలేదు.
ఏం రాసినావో సదువు, అంది అమ్మ.
ఇంగ్లీషులోంచి ఒక్కో ముక్కా విప్పి చెప్పాను:
నేను, ఓబులమ్మ, ఓబళమ్మ, ఒబలమ్మ కె.,
వయసు సుమారు నలభై తొమ్మిది,
ప్రమాణపూర్వకంగా చెప్పేదేమనగా
ఈ పేర్లన్నీ ఒక్కరివే. ఆ ఒక్కరినీ నేనే.

ముగ్గురూ నేనే అయితే
ముగ్గురి జీతం ఇస్తారంటనా, అని నవ్వింది.
మళ్లీ నవ్వు ఆపి,
సుమారు అని ఏల రాసినావు?
నేను పుట్టిన రాత్రి కదిరిలో
ఎద్దులు కొట్టుకుపోయేంత వాన. అది రాయి.
దానికి రుజువు లేదమ్మా, అన్నాను.
మీ అవ్వ చెప్పింది కదా, అంది.
సాక్ష్యాల చాప్టరు నేను ఇంకా తెరవలేదు.

నోటరీ వేలు పట్టి సిరాలో అద్దాడు.
ముద్రకు అడ్డంగా ఒక తెల్ల గీత, కుట్ల గీత.
ఆయన దాన్ని చూడనే లేదు.
పక్కన ఎర్ర స్టాంపు గుద్ది
అరవై రూపాయలు తీసుకున్నాడు.

రాత్రి పదకొండుంముక్కాలు.
రెండు వందల కేబీకి మించకూడదంటే
అమ్మను కుదించాను.
అయినా పట్టలేదు. ఇంకా కుదించాను.
మూడోసారికి వెబ్‌సైటు ఒప్పుకుంది.
అప్లికేషను నంబరు చేతి మీద రాసుకొని పడుకున్నాను.

ఐదుంబావుకి టీ బండి.
ఈరోజు ముత్యాలక్క రాలేదు,
గంగులమ్మ జరిగి అమ్మ పక్కకు వచ్చింది.
వరసంతా మారిపోయింది.
ఇరవై మూడో లెక్క.