టచింగ్ పని

మూడు దిండ్ల మీద
పడుకోవడమూ కాదు, కూర్చోవడమూ కాదు.
కాలువ మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టులా
సగంలో ఆగిపోయాను.

పక్కకి తిరక్కూడదు. వంగకూడదు.
ఆవులింత వస్తే
రెండు చేతులా దవడలు పట్టుకుని
నిద్రపోయిన చంటిదాన్ని దింపినట్టు
మెల్లిగా దాన్ని దింపుకోవాలి.

పాలకొల్లంతటికీ పిప్పిపన్ను అని చెప్పాను.
పేరంటాలు ఒక్కతే నమ్మలేదు.
"పన్నుకి చెవుల వెనకాల కట్టేంటండీ?"
జావగ్లాసు బల్ల మీద పెట్టి
గుమ్మందాకా వెళ్లి, తిరిగి మళ్లీ అడిగింది.

ముప్పయ్యొక్కేళ్లు
సూదిలా చెక్కిన పెన్సిలుతో
నెగటివుల మీద
ఊళ్లోవాళ్ల ముడతలన్నీ పూడ్చినదాన్ని.
రైసుమిల్లు కామేశంగారి మెడ వదులు,
ఆయన భార్య కళ్లకింది సంచులు,
ఒక పెళ్లికొడుకు బుగ్గ మీద అమ్మవారి గుంట.
ఒక్కరూ అబ్బా అనలేదు.
ఫిల్ముకి నొప్పేముంది.

ఇప్పుడు నా మొహం
సెగ చూపించిన డప్పు.
చెవి ముందునించి వెనక్కి
వేడి దారం ఒకటి ఎవరో లాగి, ముడేసి,
మర్చిపోయి వెళ్లిపోయారు.
చెవితమ్మెలు మాత్రం చచ్చుపడున్నాయి.
ఫోను పెట్టుకుంటే మాట వినపడుతుంది,
ఫోను తగిలినట్టు తెలీదు.

కమిలిన రంగు రోజుకింత కిందికి జారుతోంది.
మొదట నేరేడు, తర్వాత వంకాయ,
ఇవాళ మెడ మీద ముగ్గిన అరటితొక్క.
కట్టు మార్చడానికొచ్చిన ఎస్తేరు
"బాగా తీస్తోందండీ" అంటుంది,
గోదారి వరద సంగతి చెప్పినట్టు.

కాలువ కట్టేసిన నెల.
కిటికీలోంచి అడుగు కనిపిస్తోంది:
బీటలేసిన ఒండ్రు, ఒంటి చెప్పు,
ఎవరో పోగొట్టుకున్న స్టీలుగిన్నె.
నీళ్లున్నన్నాళ్లూ ఎంత నున్నగా ఉండేది!
ఏడుద్దామనుకున్నాను.
ఉప్పు కుట్లలోకి దిగుతుందని మానేశాను.

"ఈ వయసులో ఎందుకే?" అంది
ఫోనులో చెల్లెలు హైమవతి.
జవాబు ఉంది.
నోరు అంత తెరుచుకోలేదు.

పదమూడో రాత్రి కరెంటు పోయింది.
రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు అందుకున్నాయి.
మాత్రకింకా గంటన్నర.
కట్టు కింద దురద, వేలు చేరని చోట,
పక్కింట్లో ఎవరో ఆగకుండా తలుపు కొడుతున్నట్టు.

అప్పుడు ఎడమ చెవితమ్మె మీద
దోమ కుట్టింది.

కుట్టినట్టు తెలిసింది!

చెయ్యెత్తాను. కొట్టలేదు.
తాగనీ అని
చీకట్లో ఊపిరి బిగబట్టి,
అది నిండి ఎగిరేదాకా
ఆ చిన్న మంట దగ్గరే కూర్చున్నాను.

"పేరంటాలూ" అని పిలవబోతే నవ్వొచ్చింది.
కుడివైపు కుట్టొకటి
చురుక్కుమంది.