నీలం డ్రమ్ము

లిమాలో వాన పడదు.
మే నెల దాటాక సముద్రం మీంచి మంచు మాత్రం వస్తుంది,
తడి దుప్పటిలా, ఎవర్నీ అడక్కుండా.
మా కొండెక్కి, రేకుల మీద కాసేపు కూర్చుని
గోడ దాటి అటు దిగిపోతుంది.

గోడ దాటడానికి మంచుకి ఒక్క నిమిషం.
నాకు రెండు బస్సులు, గంటన్నర.
గోడకి చెవులుంటాయంటారు గానీ
మా గోడకున్నది ముళ్ళతీగే.
అవతలి మేడ మీద నేను ఆరేసిన దుప్పట్లు
మా గడపలోంచి కనిపిస్తాయి.
అమ్మ లెక్కపెడుతుంది.
సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అడుగుతుంది:
"ఇవాళ వాళ్ళింటికి చుట్టాలొచ్చారా?"

అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళు.
ఇక్కడ మంగళవారం ట్యాంకరు, అదీ వస్తే.
మనం ఒక్క డ్రమ్ముకిచ్చే డబ్బుతో
అక్కడ పది డ్రమ్ములని
సిమెంటు సంచీ వెనక బొగ్గుముక్కతో
లెక్క కట్టి చూపించాడు నా తమ్ముడు విల్మెర్.
తప్పు దొరుకుతుందేమోనని
రెండుసార్లు కూడాను.

"ఏమీ మారదక్కా," అంటాడు వాడు.
"మన మనవలూ ఈ మెట్లే ఎక్కుతారు.
మారేది మెట్ల రంగు, ఎన్నికలకోసారి."
మూడొందల పన్నెండు మెట్లు. ఇప్పుడు పసుపు.
అరిగినచోట పాత నీలం,
దాని కింద ఇంకేదో.

మా సెన్యోరా మంచిదే.
పుట్టినరోజు కేకు ముక్క కాగితంలో చుట్టి ఇస్తుంది.
టీవీలో ఒక గీత పైకి పోతుంటే
"మంచిరోజులొస్తున్నాయి, ఇస్మేనియా!" అంటుంది.
ఆ గీత ఎవరి కాళ్ళతో ఎక్కుతోందో
నా మోకాళ్ళకి తెలుసు.
"అవునమ్మా" అని గ్లాసులు తుడుస్తాను.

ఆశంటే దోన్ ఫోర్తునాతోది.
రెండు బొంగులు పాతి, మధ్యన నల్లటి వల కట్టి,
కింద సగానికి చీల్చిన గొట్టం పెట్టాడు.
"మంచు ఎవడబ్బ సొత్తు?" అన్నాడు.
మొదటి రాత్రి ఒక గిన్నెడు నీళ్ళు.
ఆ గిన్నె ఎత్తుకుని అరవై ఎనిమిదేళ్ళ మనిషి
వీధి వీధంతా చిందేశాడు.
నిమ్మచెట్టు ఎక్కడ నాటాలో కూడా
ఒక రాయి పెట్టి గుర్తు చేశాడు.

ఆగస్టులో, ఆయన నమ్ముకున్న ఆ మంచే
ఆయన ఛాతీలో చేరింది.
ఎండ కాసే ఊరు చూసి, ఇకాకి బస్సెక్కించాం.
కిటికీలోంచి దగ్గుతూనే చెప్పాడు:
"వల పైముడి వదులైంది, చూడండి."

"దింపుడు కళ్ళం ఆశ," అన్నాడు విల్మెర్.
"చిరిగితే పొయ్యిలోకి పనికొస్తుంది."

నిన్న తెల్లవారుజామున ఏదో చప్పుడైతే లేచాను.
బయట, నోట్లో టార్చి కరుచుకుని
బొంగు మీద విల్మెర్.
చేతిలో నా పాత మేజోడు.
దాంతో చిరుగు కలిపి కడుతున్నాడు.
"ఏమీ మారదన్నావుగా?"
"మాడదు," అన్నాడు టార్చి తియ్యకుండానే.
ఆపైన అన్నదేదీ నాకు అర్థం కాలేదు.
చెయ్యి చూపిస్తే ముడి పట్టుకున్నాను.

డ్రమ్ములో ఎంతుందో
మేం మూత తీసి చూడం, దుమ్ము పడుతుంది.
వేలితో కొడతాం, పైనుంచి కిందికి.
ఖాళీ ఉన్నంతమేరా మోగుతుంది.
ఎక్కడ గొంతు పడిపోతుందో అక్కడ నీళ్ళు.

ఇవాళ కొట్టాను.
మోగింది. మోగింది. ఇంకా మోగింది.
మోకాలి దగ్గర ఆగింది.

"ఎంతుందే?" లోపల్నుంచి అమ్మ.

"అన్నానికి సరిపోతాయి.
తలస్నానం రేపు."