మెత్తని దవడలు

ఎల్గోయిబార్‌లో వాన
పిండి జల్లించినట్టు రాలుతుంది.
షెడ్డు రేకుల మీద చప్పుడుండదు,
తలుపు పక్కన గొడుగులు మాత్రం
మెల్లగా మడుగు కడుతుంటాయి.

గార్బిన్యే నాకు మొదటిరోజు చెప్పిన మాట:
"లేతు తిప్పడం వారంలో వస్తుంది.
పట్టుకోవడం ఎప్పుడొస్తుందో, చూద్దాం."
నాకు పంతొమ్మిదేళ్లు.
పట్టుకోవడానికేముంది అనుకున్నాను.

ఆ శుక్రవారం బిట్టోర్ వచ్చాడు
చేతిరుమాల్లో చుట్టిన చిస్తుతో.
మూడు రంధ్రాల పిల్లనగ్రోవి, నల్లచేవ కర్ర.
కొస పగిలింది. ఇత్తడి కట్టు ఏ ఊరేగింపులోనో జారిపోయింది.
కొత్త కట్టు కావాలి:
ఇరవైనాలుగు మిల్లీమీటర్ల వ్యాసం,
గోడ మందం అర మిల్లీమీటరు.
"ఆదివారం వాయించాలి" అన్నాడు.
డబ్బు మాట ఆయనా ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

నేను చేస్తానన్నాను.
పైన నునుపు చేసి, కోసి,
మూడు దవడల చక్కులో పెట్టాను.
జారితే పరువు పోతుంది,
ఉడుంపట్టు పట్టాలి,
తాళంచెవి మీద ఒంటిబరువంతా వేశాను.
లోపల బోరు కొట్టాను.
డయల్ ముల్లు పొయ్యి పక్క పిల్లిలా
కదలకుండా పడుకుంది.
గుండ్రం! నిఖార్సైన గుండ్రం!

విప్పాను.
అరచేతిలోకి వచ్చింది
మూడు మూలలున్న ఏదో ఒకటి.

గార్బిన్యే దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది.
"నువ్వు నొక్కినంతసేపూ
నీ మాట విన్నది, పాపం" అంది.

గోడవైపు నడిచింది.
అక్కడ అరల నిండా అల్యూమినియం దవడలు,
మూడేసి కలిపి తీగతో కట్టినవి,
ఒక్కో కట్టకీ ఒక అట్టముక్క.
సైకిలు హబ్బు.
కుట్టుమిషను చక్రం, చిన్నది.
పడవ పంపు, మళ్లీ రావచ్చు.
ఆ హబ్బులు ఏ కొలిమిలో కరిగాయో,
ఆ మిషన్లు కుట్టిన చొక్కాలు
ఎవరి మోచేతుల దగ్గర చిరిగాయో.
వాటిని పట్టిన ఖాళీలు మాత్రం ఇక్కడున్నాయి,
నూనె పట్టి, దుమ్ము పట్టి,
కొలత తప్పకుండా.

ఒక కట్ట మీద ఆమె నాన్న చేతిరాత:
"ఇరవైమూడున్నర. ఎవరికని అడక్కు."
దాన్నే తీసింది.
తీగ విప్పుతూ కాసేపు ఆగింది.
తీగ మొండికేసిందేమో, నాకు తెలీదు.

ఒకటో గాడిలో ఒకటో దవడ,
రెండులో రెండు, మూడులో మూడు.
వెనకవైపు ఒక ఉక్కు బిళ్లని కరిపించి బిగించింది:
"నమిలేటప్పుడు ఎలా ఉంటాయో
అలాగే ఉంచి చెక్కాలి."
పావు మిల్లీమీటరు.
నాన్న కొలత సన్నని వెండి ఉంగరాలుగా
ట్రేలోకి రాలింది.
ఆమె ఊడ్చింది, మిగతా పొట్టుతోపాటే.

రెండో కట్టు కోసి తెచ్చాను.
ఆ గూట్లో అది కూర్చుంది
గుడ్డు గంపలో కూర్చున్నట్టు,
చుట్టూ ఎక్కడా వెలుతురు దూరలేదు.
తాళంచెవి నా చేతికిచ్చి అంది:
"రెండు వేళ్లు. బొటనవేలుతో కలిపి.
పట్టూ విడుపూ తెలియాలి పిల్లవాడా,
మొగుడికైనా, ముక్కకైనా."
ఆమె మొగుడి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.
నేను బోరు వైపే చూశాను.

విప్పాక ఎటు తిప్పినా ఒకే కొలత.
బిట్టోర్ శనివారం వచ్చాడు.
కర్ర మీదకి జారి, పగులు మీద ఆగి,
అక్కడే ఉండిపోయింది కట్టు.
లేతు ఆపమన్నాడు. ఒక్క స్వరం ఊదాడు,
సరిగ్గా పలకలేదు, "వాన" అన్నాడు,
తుడిచి మళ్లీ ఊదాడు.

గార్బిన్యే దవడల్ని తీగతో కట్టేసింది.
నాన్న రాత కింద పెన్సిలుతో రాసింది:
"ఇరవైనాలుగు. బిట్టోర్‌కి."

ఆ మూడు మూలలదాన్ని నేను పారెయ్యలేదు.
తాళాలగుత్తికి తగిలించాను.
మెట్లెక్కుతుంటే
జేబులోంచి తొడకి గుచ్చుకుంటుంది.