సగం మాత్ర

మహారాణిపేట డాక్టరు చీటీ రాసి
పెన్నుకి మూత పెడుతూ అన్నాడు:
"మీది చిన్నదే. వేసుకోవచ్చు, మానేయొచ్చు. మీ ఇష్టం."
నా ఇష్టమేమిటో నాకు తెలిస్తే
ఆయన మెట్లెందుకు ఎక్కుతాను?

చిన్నదే, నిజానికి.
కాన్వెంట్ జంక్షన్ దాకా వచ్చాక
గ్యాసు కట్టేశానా అని బస్సు దిగిపోవడం.
వేబ్రిడ్జి మీద బొగ్గు లారీ నిలబడితే
అంకెని మూడుసార్లు చదవడం,
వెనక హారన్లు మోగుతుంటే నాలుగోసారి.
తెలియని నంబరు నుంచి ఫోనొస్తే
కడుపులో ఎవరో తువ్వాలు పిండినట్టు.

మా ఆఫీసు ఊడ్చే పైడమ్మ
బీపీ మాత్ర టీతో గుటుక్కున మింగి
"ఏటమ్మా అంత ఆలోచన? నొప్పెడితే ఏసుకుంతాం,
నేకపోతే మానేత్తాం" అంది.
ఇది నొప్పి కాదు పైడమ్మా,
నొప్పొస్తుందేమోనని కాపలా.

రాత్రి, పాత పోస్టాఫీసు దగ్గర మా మేడ మీద
ఆరేసిన దుప్పటి దులిపాను.
రోజూ దులుపుతాను. రోజూ అంతే నలుపు.
ఊపిరాడనంత పొడేం కాదు.
తెల్లచీర కట్టడం ఏ ఏడు మానేశానో
అదే గుర్తు రావడం లేదు.

వంటింట్లో కత్తిపీట మీద మాత్రని కోశాను.
సగాలు సమానంగా రాలేదు.
ఏది పెద్దదో తేల్చడానికి
లైటు కింద పట్టుకుని చూస్తూ చూస్తూ
నవ్వొచ్చేసింది,
తూకం బుద్ధి ఇంటికీ తెచ్చుకున్నానని.

చిన్న ముక్క మింగాను.
పెద్దది కాగితంలో చుట్టి ఉప్పు డబ్బా పక్కన పెట్టాను.
రేపటి సంగతి రేపు అనుకోవడం
నాకింకా రాదు.
పడుకోబోతూ
గ్యాసు మళ్ళీ చూశాను.
ఒక్కసారే.